ఇంటి సామాను సరకు కాదు

రాత్రివేళ గోదావరిఖని బస్సుల అడ్డకు పోయి నిలుచున్నవారు ఈ దృశ్యమును చూచియే యుందురు. శంషాబాదు విమానాశ్రయమునకు పోవు కుమారుని సాగనంపుటకు ఇంటిల్లిపాదియు వచ్చును. తండ్రి బొగ్గుబాయిలో ముప్పది యేండ్లు పనిచేసి దిగిపోయినవాడు. తల్లి చేతిలో నొక మూట. ప్రక్కన తాడుతో బిగించి, పైన పెద్ద యక్షరములతో పేరును ఊరును వ్రాసిన యట్టపెట్టె. రెండు మూడేండ్లు గడచిన పిదప ఆ మనిషియే ఆ యడ్డలో దిగును. అట్టి పెట్టెయే మరికొంత పెద్దది వానితో దిగును. పోవునపుడు ఇంటిలోని కొంత భాగము ఆ పెట్టెలో పోవును. వచ్చునపుడు ఇంటికి కావలసినది ఆ పెట్టెలో వచ్చును. ఈ రెండు ప్రయాణములలోను అది రెండు రాజ్యముల సుంకపు గడపలను దాటవలయును. ఆ గడపయొద్ద జరుగు సంగతులను గూర్చి మన పత్రికలలో వ్రాసినవారు తక్కువ. మన సభలలో మాటలాడినవారు ఇంకను తక్కువ. కావున నేడు దానిని గూర్చి పాఠకులకు కొంత విన్నవింప దలచితిమి.

ఈ గడప దాటువారు ఎవరో పరాయివారు కారు. 1960 తరువాత గోదావరి యొడ్డున బాయిలు త్రవ్వుట మొదలైన నాడు నలుదిక్కుల జిల్లాలనుండి జనము పని వెదకికొనుచు ఇచ్చటికి వచ్చిరి. గోదావరిఖని యనునది పుట్టుకనుండియు వలస వచ్చినవారి ఊరు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు సుమారు 40,000 మంది మిగిలిరి. యంత్రములు వచ్చెను, ఉపరితల గనులు పెరిగెను, వారసత్వపు కొలువులు ఏండ్ల తరబడి నిలిచిపోయెను. రామగుండము ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి 2021 వరకు తిరిగి ఊపిరి పీల్చలేదు. పనికై ఇచ్చటికి వచ్చినవారి బిడ్డలే పనికై ఇచ్చటినుండి పోవలసి వచ్చినది. చదువు కొంచెమైనవారు దుబాయి, దోహా, రియాదులకు పోయిరి. పెద్ద చదువులు చదివినవారు డల్లాసుకును మెల్బోర్నుకును పోయిరి. ఒక్క కాలనీలో ఒక్క వరుసలో ఈ రెండు విధముల యిండ్లును గలవు.

వారు పంపు సొమ్మును గూర్చి ఏలికలు సగర్వముగా చెప్పుకొందురు. 2022లో మన దేశమునకు ప్రవాసులు పంపిన సొమ్ము పదివేల కోట్ల డాలర్లను దాటినదని ప్రపంచ బ్యాంకు లెక్క తేల్చినది. ప్రపంచమున మరే దేశమునకును అంత రాలేదు. ఆ సొమ్ము వచ్చునపుడు దానిని ఆపి ప్రశ్నించువారు లేరు. కాని ఆ సొమ్మును సంపాదించినవాడు తన కంబళిని, తన వంటపాత్రలను, తన భార్యకు కొన్న చిన్న గొలుసును పట్టుకొని వచ్చినపుడు మాత్రము ప్రశ్నలు వేయి. దేశమునకు రొక్కము ముద్దు, రొక్కము తెచ్చినవాని మూట అనుమానాస్పదము. ఇది న్యాయమా యని మేము అడుగుచున్నాము.

సుంకములే వలదని మా వాదము కాదు. ఏ స్వతంత్ర రాజ్యమైనను తన పొలిమేరను కాచుకొనవలయును. అమ్మకమునకు వచ్చు సరకుపై సుంకము వేయుట స్వరాజ్యమునకు ఆయుధము కూడ. విదేశపు నూలు వెల్లువయై వచ్చి మన మగ్గములను ముంచిన దినములలో ఆ యాయుధము మన చేతిలో లేదు గనుకనే మన సాలెవాడు చితికిపోయెను. కాని సరకు వేరు, సామాను వేరు. అమ్మి లాభము గడించుటకు తెచ్చినది సరకు. వండుకొనుటకు, కప్పుకొనుటకు, కూర్చుండుటకు, పిల్లలు ఆడుకొనుటకు తెచ్చినది సామాను. ఆ రెంటిని వేరుచేయు గుర్తు ధర కాదు, వాడుక. ఐదేండ్లు వాడిన బట్టలుతుకు యంత్రము ఎంత వెలగలదైనను సామానే. ముద్ర విప్పని నూరు సెల్‌ఫోనులు ఎంత చౌకయైనను సరకే. ఈ భేదమును పాటించిన రాజ్యము ప్రజల గౌరవమును పొందును. పాటింపని రాజ్యము గడప కాచువానికి అక్కరకు మించిన అధికారమిచ్చును.

గడప కాచువాని యధికారము ఎట్టిదో తెలంగాణమువారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. నిజాము రాజ్యమునకు తన సొంత సుంకముల శాఖ యుండెను. దానిని కరోడ్గిరి యనెడివారు. కుంపిణీవారితో 1802లో చేసికొన్న వర్తక సంధినాటినుండి నూటికి ఐదు అను సుంకపు రేటు ప్రసిద్ధమైయుండెను. ఒక్క భారతభూమిలోనే, ఒక్క తెలుగు మాటలాడు ప్రజల నడుమనే, నదికి ఈ యొడ్డున నొక రాజ్యము, ఆ యొడ్డున మరియొక రాజ్యముగా నుండి, పొలిమేరలలో నాకాలు నిలిచియుండెను. అల్లుడు తెచ్చిన బట్టల మూట సరకా, సామానా యని నిర్ణయించువాడు నాకా జవాను. పెద్దలు చెప్పుకొను కరోడ్గిరి కథలలో సుంకపు మొత్తము కన్న ఆ నిర్ణయపు తీరే మనస్సును ఎక్కువ నొప్పించును. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున కలిసిన పిదప ఆ నాకాలు క్రమముగా తొలగిపోయెను. నాకా పోయినది, నాకా బుద్ధి పోవలయును.

ఇల్లు విడిచి వచ్చువాని సామానును కాజేయుట ఎంత క్రూరకార్యమో బర్మా తెలుగువారి చరిత్ర చెప్పును. కాకినాడ, విశాఖపట్టణముల రేవులనుండి ఓడలెక్కి రంగూనుకు పోయి, అచ్చట కోరంగివారని పేరుపడి, బియ్యపు మిల్లులలోను రేవులలోను చెమటోడ్చినవారు వారు. 1942లో జపాను సేనలు వచ్చినపుడు వేలకొలది జనము ఉన్నది ఉన్నట్లు విడిచి అడవిదారుల నడచి వచ్చిరి. దారిలో ప్రాణములు విడిచినవారు అనేకులు. మిగిలినవారిని 1962లో గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వము అంగళ్లను జాతీయము చేసి వెళ్లగొట్టినది. 1964 మొదలు ఓడ యెక్కినవారు రొక్కమును మాత్రమే కాదు, నగలను సైతము రేవులోనే వదలి రావలసి వచ్చినది. యుద్ధములో పోయిన సామానుకు విధిని నిందింతుము; రేవులో బల్లవేసి కూర్చుండి కాగితముపై వ్రాసి తీసికొన్న సామానుకు ఎవరిని నిందింతుము? విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ జ్ఞాపకమును పేరులో మోయుచున్నది. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినపుడు లక్షా డెబ్బదివేలకు పైబడిన భారతీయులు అమ్మాను మీదుగా విమానములలో చేరవేయబడిరి. వారిలో మన తెలుగు జిల్లాల కూలివారును గలరు. ఏండ్ల కష్టము నొక సంచిలో పట్టునంత మిగుల్చుకొని దిగినవారు వారు. పరరాజ్యపు నిర్దయకు, యుద్ధమునకు మనమేమియు చేయజాలము. మన సొంత గడప మాత్రము మన చేతిలోనిది.

మన చట్టము దయలేనిదని చెప్పుట అన్యాయము. 1962 నాటి కస్టమ్సు చట్టమే ప్రయాణికుని సామానును సరకునుండి వేరుగా చూచి దానికొక ప్రత్యేక ప్రకరణము నేర్పరచినది. 2016లో చేసిన సామాను నిబంధనలలో కాపురము మార్చుకొని వచ్చువానికి మెట్లుమెట్లుగా రాయితీ లుండెను. మూడు నెలలు విదేశమున నుండి వచ్చినవానికి 60,000 రూపాయల వరకు, ఆరు నెలలైనచో లక్ష వరకు, ఏడాది యైనచో రెండు లక్షల వరకు, రెండేండ్లు నిలిచి నివసించినవానికి ఐదు లక్షల వరకు ఇంటి సామాను సుంకము లేక తెచ్చుకొనవచ్చునని ఆ నిబంధనలు చెప్పినవి. వాడిన బట్టలు మొదలగు స్వంత వస్తువులకు సుంకము లేనేలేదు. ఓడలో వెనుకగా వచ్చు సామానును మనిషి దిగిన నెలలోపల అచ్చటనుండి పంపవలెననియు, ముందుగా వచ్చినచో రెండు నెలలకు మించి ముందు రాగూడదనియు ఆ నిబంధనలే విధించినవి. ఈ అంకెలును గడువులును కాలానుగుణముగ మారుచుండును గాన ప్రయాణము కట్టుకొనువారు ఆనాటి లెక్కను సరిచూచుకొనవలెను. మేము చెప్పునది అంకెలను గూర్చి కాదు, వాని వెనుక నున్న తలంపును గూర్చి.

ఆ తలంపులోనే మొదటి లోపము గలదు. ఇంటి సామానుకు మన చట్టము పెట్టిన కొలబద్ద ప్రధానముగ రూపాయ. ఇతర దేశముల పద్ధతి చూడుడు. అమెరికాకు కాపురము పోవువాడు ఏడాదియైనను వాడిన గృహోపకరణములను సుంకము లేక తీసికొని పోవచ్చును. బ్రిటను తమ దేశమునకు నివాసము మార్చుకొను వ్యక్తి ఆరు నెలలు తన యధీనమున నుంచుకొని వాడిన సామానుకు సుంకము మినహాయించును. అచ్చట ప్రశ్న "ఎంతకాలము వాడితివి?" యని; ఇచ్చట ప్రశ్న "ఇది ఎంత వెల?" యని. వాడిన వస్తువునకు వెల కట్టునది ఎవరు? గడపయందలి యధికారి. పాత వస్తువునకు పట్టీ లేదు, రసీదు ఉండదు. వెలకట్టుటలో ఉదారుడైన యధికారి యెదుట ఒకనికి సుంకమే పడదు. కఠినుని యెదుట అదే సామానుకు వేలకొలది పడును. 2016 నిబంధనల కాలమున హద్దు దాటినదానిపై సుంకము నూటికి 35. 2018 నుండి ఉపపన్ను కలిసి 38.5. మనిషి మనస్సును బట్టి మారు లెక్కపై నూటికి ముప్పదెనిమిది రూపాయలన్నచో, అది సామాన్యుని వెన్ను విరుచును.

రెండవ లోపము అంకె బిగిసిపోవుట. బంగారము సంగతి చూడుడు. ఏడాదికి మించి విదేశమున నున్నవాడు తెచ్చుకొను నగలకు 2013కు పూర్వము మగవానికి 10,000, ఆడుదానికి 20,000 రూపాయల హద్దుండెను. ఆ యేటి బడ్జెటులో దానిని 50,000, లక్షగా పెంచిరి. 2016లో మగవానికి 20 గ్రాములు, ఆడుదానికి 40 గ్రాములు అని తూకమును చేర్చిరి, కాని రూపాయల హద్దును అట్లే యుంచిరి. నాడు పది గ్రాముల తులము సుమారు ముప్పదివేలు. 2025లో అది లక్ష దాటినది. అనగా నిబంధన రెండు తులములని అక్షరములలో చెప్పుచుండగా, అంకెలలో అర తులముకూడ దాటనీయలేదు. కొమురెల్లి మల్లన్నకు మ్రొక్కుకొని, మూడేండ్లు ఎడారిలో ఇనుము వంచి, కూతురి పెండ్లికి రెండు తులముల గొలుసు చేయించుకొని వచ్చినవాడు చట్టము దృష్టిలో హద్దు దాటినవాడయ్యెను. వాడు హద్దు దాటలేదు. హద్దే కుంచించుకొని వాని కాళ్లకు చుట్టుకొన్నది. ఇట్టి సవరణ లెప్పుడు వచ్చినను ఆలస్యముగనే వచ్చును; ఆ యాలస్యమునకు వెల చెల్లించువాడు కూలివాడు. తూకముతో సరిపెట్టుట, లేనిచో హద్దును ధరల సూచికి కట్టివేసి ఏటేట దానంతట నదియే మారునట్లు చేయుట, ఇందులో కష్టమేమి గలదో మాకు తెలియదు.

మూడవది పెట్టెల సంగతి. పండుగకు రాజాలని గల్ఫు కార్మికుడు అచ్చటి కార్గో దుకాణములో నొక అట్టపెట్టె నింపి ఇంటికి పంపుట ఒకనాడు పరిపాటి. దుప్పటి, పాలపొడి, పిల్లలకు బొమ్మలు, తల్లికి నొప్పుల తైలము, అత్తరు సీసా: ఇవియే అందులోని ధనరాశులు. 20,000 రూపాయల వరకు కానుకలకు సుంకపు మినహాయింపుండెను. 2017 జులైలో క్రొత్త పన్నుల విధానముతో ఆ మినహాయింపు కుంచించుకొని పోయెను. 2019 డిసెంబరు 12న వెలువడిన ప్రకటనతో, కానుక యను పేర సుంకము లేక దిగుమతి చేయుటయే నిషేధింపబడెను. ప్రాణరక్షకములైన మందులకును రాఖీకిని మాత్రమే విడుపు. విదేశపు అంగళ్లు మారుపేర్లతో సరకును కానుకలుగా పంపి సుంకమును ఎగవేయుచున్నవని ఆ నిషేధమునకు కారణము చెప్పబడెను. కారణము నిజమే కావచ్చును. కాని జెర్రిని కొట్టబోయి చీమల పుట్టను త్రొక్కినట్లైనది. చెల్లెలు పంపిన దారమును గుర్తించిన ధర్మము, అన్న పంపిన దుప్పటిని గుర్తింపకపోవుట మాకు వింతగా తోచుచున్నది. సంవత్సరమున కొకటి రెండు పెట్టెలు, ఇంత తూకమునకు లోబడి, పని చేయుచున్నట్లు ఋజువు చూపిన కార్మికునికి అనుమతించినచో అంగడివాడు దూరజాలడు, అన్న దూరగలడు.

దీనికి ప్రత్యుత్తరముగా వినవచ్చు మాట మేమెరుగుదుము. "బంగారపు దొంగ రవాణా ఎంత పెరిగినదో చూచితిరా? కూలివాని చేతనే ముద్దలు పంపుచున్నారు గదా" యని. నిజమే. శంషాబాదులో పట్టుబడిన బంగారపు వార్తలు తరచు వచ్చుచునే యున్నవి. కడుపులోను చెప్పులలోను దాచి తెచ్చినవారున్నారు. అప్పుల పాలైన పేదవానికి విమానపు టిక్కెట్టు ఆశ చూపి మూటను మోయించు పెద్దమనుష్యులును గలరు. అట్టివారిని పట్టి శిక్షింపవలసినదే. ఎత్తినవానిని మాత్రమే కాదు, ఎత్తించినవానిని గూడ. అయితే ముద్దలు తెచ్చిన నలుగురి కొరకు గొలుసు తెచ్చిన నాలుగు వందలమందిని దొంగలవలె నిలువబెట్టుట కాపలా యనిపించుకొనదు. పైగా న్యాయమైన హద్దు లేనిచోట నిజాయితీపరుడును దాచుట నేర్చును. ఉప్పుపై పన్ను వేసిన దొరతనము ఉప్పు తీసిన ప్రతివానిని నేరస్థుని జేసెనని మనము ఎరుగమా?

ఇక అన్నిటికన్న మాకు బాధ కలిగించు విషయము వేరొకటి గలదు. కొంతకాలము క్రిందట ఒక ముసలి కార్మికుడు నాలుగు మడతల కాగితము నొకదానిని మా యొద్దకు తెచ్చి, "సారూ, నా కొడుకు దీనిమీద సంతకం పెట్టిండు, ఇందుల ఏమున్నదో జర చదివి చెప్పుండ్రి" అని యడిగెను. అది యాంగ్లమున అచ్చొత్తిన పత్రము. తన వస్తువును నిలిపివేయుటకు కారణములు తెలిపినారనియు, వ్రాతమూలమైన నోటీసు తనకు అక్కరలేదనియు, విచారణయు అక్కరలేదనియు కుమారుడు ఒప్పుకొన్నట్లు అందులో నుండెను. కుమారునికి ఆంగ్లము రాదు. తెల్లవారుజామున నిద్రలేని కన్నులతో, బయట ఎదురుచూచు పిల్లలను తలచుకొనుచు, చూపిన చోట చేవ్రాలు చేసివచ్చెను. తన హక్కును వదలుకొంటినని అతనికి తెలియదు. తనకు హక్కున్నదనియే తెలియదు.

కావున చట్టము చెప్పునదేమో సూటిగా వ్రాయుచున్నాము. పఠనమందిరములలో నలుగురికి చదివి వినిపింప వేడుచున్నాము. నోటీసు నిచ్చి, కారణము చెప్పి, మాట వినక ఏ వస్తువును జప్తు చేయరాదని కస్టమ్సు చట్టపు 124వ సెక్షను చెప్పుచున్నది. ముందే అచ్చొత్తిన పత్రముపై చేయించుకొన్న సంతకముతో ఆ హక్కు పోదని 2025లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. పట్టుకొన్న వస్తువు విషయమున ఆరు నెలలలో నోటీసు రానిచో, చట్టప్రకారము గడువు పొడిగింపబడిననే తప్ప, వస్తువును తిరిగి యీయవలెనని 110వ సెక్షను. నిషేధము లేని వస్తువునకు జప్తు బదులు జరిమానా కట్టి విడిపించుకొను అవకాశము నీయవలెనని 125వ సెక్షను. ఉన్నది ఉన్నట్లు చెప్పి, సుంకము కట్టజాలనివాడు ఆ వస్తువును అధికారియొద్దనే దాచియుంచి, తిరిగి విదేశమునకు పోవునపుడు తీసికొనుటకు కోరవచ్చునని 80వ సెక్షను. ఉత్తరువు నచ్చనిచో అరువది దినములలో అప్పీలు. స్వంత వినియోగమునకైన నగ స్వంత సామానులో చేరగలదని సర్వోన్నత న్యాయస్థానము 2017లోనే యొక యాత్రికురాలి వ్యవహారమున గ్రహించినది. ఇన్ని రక్షణ లుండియు వానిలో నొక్కటియు బొగ్గుబాయి కార్మికుని కుమారునికి తెలియకపోవుట ఎవరి దోషము? వాని దోషము కానేకాదు.

పోవు ప్రయాణమునందును మన జాగ్రత్త చాలదు. తల్లి కట్టిన మూటలో గసగసాలుండును. కోడికూర మసాలాకు మన యింట అది నిత్యవస్తువు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులోను సౌదీ అరేబియాలోను అవి నిషిద్ధములు. ఒక్క పొట్లము చెరసాలకు దారి తీయవచ్చును. మన ఊరి మందుల దుకాణములో నొప్పికి, దగ్గుకు ఇచ్చు కొన్ని మాత్రలు అచ్చట మత్తుమందుల పట్టికలో నున్నవి. వైద్యుని చీటీ, ముందస్తు అనుమతి లేక కొనిపోరాదు. విమానాశ్రయమున "మా తమ్మునికి ఈ పొట్లము ఇయ్యి బాపు" అని చేతిలో పెట్టినదానిని ఎంత తెలిసినవాడు ఇచ్చినను విప్పి చూడక పుచ్చుకొనరాదు. పొట్లము ఇచ్చినవాడు ఇంటికి పోవును, పుచ్చుకొన్నవాడు జైలుకు పోవును. ఆస్ట్రేలియాకు పోవు విద్యార్థి తన పచ్చళ్లను, పప్పులను, చెక్క వస్తువులను, విత్తనములను ఫారములో చెప్పక దాచినచో జరిమానాయు, కొన్నియెడల వీసా రద్దును తప్పవు. చెప్పినచో మించిపోయిన ఆ వస్తువు నొకదానిని పారవేయుదురు, అంతియే. ఇచ్చటినుండి నగలను పెట్టుకొనిపోవువారు బయలుదేరునపుడే కస్టమ్సువారియొద్ద ఎగుమతి ధ్రువపత్రమును పొందినచో తిరుగు ప్రయాణమున తమ నగకు తామే సుంకము కట్టు దుస్థితి యుండదు. ఇవి చిన్న విషయములు. చిన్న విషయము తెలియకపోవుటచేతనే పెద్ద జీవితములు పాడగుచున్నవి.

అమెరికానుండి కాపురమెత్తి వచ్చు ఇంజనీరు బాధయును తక్కువది కాదు. అతని పెట్టెలు ముంబాయి ప్రక్కని నవసేవ రేవులోనో, చెన్నపట్టణములోనో దిగి, సనత్‌నగరులోని కంటైనర్ డిపోకు చేరును. ఒక కాగితము తక్కువైనచో రోజుకింత యని అద్దె పెరుగును. సుంకము కన్న అద్దెయు, అద్దె కన్న మధ్యవర్తి కూలియు అధికమగును. కాని అతనికి కాగితము చదువుట వచ్చును, ఏజెంటును ప్రశ్నించుట వచ్చును. దుబాయినుండి వచ్చు తాపీమేస్త్రీకి అది రాదు. చట్టము ఇద్దరికి నొక్కటే. చట్టమును అందుకొను చేయి మాత్రము ఒకనిది పొడుగు, ఒకనిది పొట్టి. ఈ భేదమును తగ్గించుటయే స్వరాజ్య ప్రభుత్వపు మొదటి పని.

అందుకై మేము కోరునది స్వల్పము. ఇంటి సామానుకు ధరకు బదులు వాడుకను కొలబద్ద చేయుడు. అంకెలను ఏటేట సవరింపుడు. కార్మికుని కానుక పెట్టెకు హద్దులతో కూడిన దారి చూపుడు. శంషాబాదులో అడుగు పెట్టినవాడు చదువుకొనునట్లు హక్కులును విధులును తెలుగున పెద్ద యక్షరములతో గోడపై వ్రాయించుడు. సంతకము కోరు ప్రతి కాగితమును తెలుగున ముద్రించి, చదివి వినిపించి, పిదపనే కలము చేతికిండు. ఇందులో ఖజానాకు వచ్చు నష్టము అల్పము. ప్రజలకు కలుగు విశ్వాసము అధికము.

ప్రభుత్వమువారు చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి వంటి న్యాయవాదుల చేతి చలువతో, వెట్టిచాకిరిని గూర్చి రాజ్యమువారి చట్టమే చెప్పుచున్న మాటను తెలుగున అచ్చొత్తించి పల్లెలకు పంపినది. క్రొత్త చట్టము రాకముందే, ఉన్న చట్టము తెలిసినందుననే, అనేకులు వెన్ను నిలువబెట్టిరి. ఆ పద్ధతి నేటికిని పాతబడలేదు. గోదావరిఖనిలో కార్మిక సంఘముల కార్యాలయములు గలవు, గ్రంథాలయము గలదు, న్యాయవాదులు గలరు, చదువుకొన్న యువకులు గలరు. ఆదివారమున కొక గంట కేటాయించి, పోవువానికి మూటలో ఏమి పెట్టరాదో, వచ్చువానికి ఏమి చెప్పవలెనో, సంతకమునకు ముందు ఏమి చదువవలెనో తెలియజెప్పినచో చాలును. పెట్టెలోని వస్తువుల పట్టిక నొకదానిని ఇంటనే వ్రాసి, ఒక ప్రతి తల్లిదండ్రులయొద్ద నుంచి, మరియొక ప్రతి జేబులో పెట్టుకొను అలవాటు చేసినచో సగము చిక్కులు గడపయొద్దనే తీరును. ఈ పనికి చందాలు వలదు, సభాధ్యక్షులు వలదు. కుర్చీ యొకటి, బల్ల యొకటి, ఓపిక కొంత కావలయును. మా వంతు గంటను మేమిచ్చెదము.

రేపు రాత్రియు ఆ యడ్డలో ఒక బస్సు బయలుదేరును. ఒక తల్లి మూటను అందించును; ఒక తండ్రి అట్టపెట్టె తాడును మరల నొకమారు బిగించి చూచును. ఆ మూటలో నున్నది ఆ యింటి భాగము. దానిని విప్పి చూచు హక్కు రాజ్యమునకు గలదు. దానిని చూచి మనిషిని దొంగయని తలచు హక్కు రాజ్యమునకు లేదు. ఈ మాటను గడప కాచువాడు నేర్చుకొనవలయును, గడప దాటువాడును నేర్చుకొనవలయును. రెండవవానికి నేర్పుట మన పని. అది నేడే మొదలు కావలయును.